ఈఈజీలో టాస్కు ఎక్కడ, విరామం ఎక్కడ: గుర్తులు పెట్టి ఫిల్టర్ చేయాలా, ఫిల్టర్ చేసి కత్తిరించాలా?

పీ300_విద్యార్థి

అందరికీ నమస్కారం. దృశ్య ఆడ్‌బాల్ ప్రయోగం (మామూలు బొమ్మల మధ్య అరుదుగా వేరే బొమ్మ చూపేది) ఈఈజీ రికార్డింగులను, అంటే తల మీది ఎలక్ట్రోడ్లతో కొలిచిన మెదడు విద్యుత్తును, విశ్లేషణకు సిద్ధం చేస్తున్నాను. 64 ఛానెళ్ళు, 500 హెర్ట్జ్. ఒక్కొక్కరికి 6 బ్లాకులు, బ్లాకుకు 140 బొమ్మలు, ఒక బొమ్మ మొదలుకూ తర్వాతి బొమ్మ మొదలుకూ మధ్య 1.8 నుంచి 2.4 సెకన్లు. అంటే బ్లాకు ఒక్కోటి దాదాపు 5 నిమిషాలు. బ్లాకుల మధ్య విరామం ఎంతసేపన్నది పాల్గొనేవారి ఇష్టం. మీట నొక్కాక తెర మీద 3, 2, 1 అంకెలు వచ్చి తర్వాతి బ్లాకు మొదలవుతుంది. అతి చిన్న విరామం 18 సెకన్లు, పెద్దది 3 నిమిషాలు దాటింది. రికార్డింగు మధ్యలో ఎక్కడా ఆపలేదు కాబట్టి ఫైలు మొత్తం 42 నిమిషాలు వచ్చింది.

ట్రిగ్గర్లు (ప్రయోగం నుంచి ఈఈజీ ఫైల్లో పడే అంకెల గుర్తులు) ఇవీ: మామూలు బొమ్మకు 11, అరుదైన బొమ్మకు 12, కుడిచేతి మీటకు 21, ఎడమచేతి మీటకు 22. బ్లాకు మొదలైంది, ముగిసింది అని చెప్పే గుర్తులు విడిగా లేవు.

ఎమ్ఎన్ఈ పైథాన్‌లో (ఈఈజీ విశ్లేషణ సాఫ్ట్‌వేర్) 1 హెర్ట్జ్ హైపాస్ (అంతకన్నా నెమ్మది మార్పులను తీసేసే ఫిల్టర్) వేసి ఐసీఏ (కలిసిపోయిన సంకేతాలను కాంపోనెంట్లుగా విడదీసే పద్ధతి) నడిపితే మొదటి పది కాంపోనెంట్లలో ఐదారు ఒక్కో ఎలక్ట్రోడ్ మీదే పెద్ద కుదుపుల్లా వస్తున్నాయి, మరికొన్ని కండరాల రొదలా ఉన్నాయి. కంటిరెప్పల కాంపోనెంటు రెండుగా చీలిపోయింది. విరామాల్లో నీళ్ళు తాగడం, మాట్లాడటం, క్యాప్ సర్దడం అంతా ఫైల్లోనే ఉంది, కారణం అదేనని నా అనుమానం.

మూడు సందేహాలు. విరామాలను కత్తిరించి పారేయాలా, గుర్తు పెట్టి వదిలేయాలా? ఆ పని ఫిల్టర్‌కు ముందా, తర్వాతా? ఇంకొకటి, పోల్చి చూడటానికి ఫిజియోనెట్ అనే బహిరంగ డేటా భాండారంలోని చేతి కదలికల డేటా కూడా వాడుతున్నాను. అందులో టీ0 అంటే విశ్రాంతి అని రాశారు. దాన్ని కూడా విరామం కిందే తీసేయాలా?


నాచ్50

కత్తిరించకండి, గుర్తు పెట్టండి. కత్తిరించిన చోట అటు వోల్టేజీ, ఇటు వోల్టేజీ కలవవు. అక్కడ ఒక మెట్టు పడుతుంది. దాని మీద ఫిల్టర్ నడిపితే ఆ మెట్టు అలలై రెండు పక్కలకూ పాకుతుంది. పైగా ఫైల్లో కాలమే మారిపోతుంది: ప్రయోగం లాగ్‌లో 1,260వ సెకనులో ఉన్న బొమ్మ ఈఈజీలో 1,015 దగ్గర తేలుతుంది, ఏ అనుమానం వచ్చినా లాగ్‌తో పక్కపక్కన పెట్టి చూసుకునే వీలుండదు. గుర్తయితే తప్పు పెట్టినా చెరిపి మళ్ళీ పెట్టుకోవచ్చు.

ఏ ఫంక్షనూ పిలవక ముందు బొమ్మల మధ్య ఖాళీలు లెక్కపెట్టండి. 11, 12 మాత్రమే తీసుకోండి. 840 బొమ్మలకు 839 ఖాళీలు. అందులో 834 ఖాళీలు 1.8కీ 2.4కీ మధ్య పడాలి, 5 మాత్రం 18 సెకన్లు, అంతకు పైన ఉండాలి. ఈ రెండు గుంపుల నడుమ ఒక్కటి కూడా ఉండకూడదు. ఉంటే అక్కడ ఆగి, ఎందుకొచ్చిందో తేల్చుకున్నాకే ముందుకు వెళ్ళండి. ప్రతి ఫైలుకూ ఈ లెక్క తీసి ఒక పట్టికలో రాసి పెట్టుకుంటే సగం తప్పులు అక్కడే దొరికిపోతాయి.

తర్వాత ఎమ్ఎన్ఈలోని ఎనొటేట్ బ్రేక్ ఫంక్షను. దానికి మూడు అంకెలు ఇవ్వాలి. కనీసం ఎంత ఖాళీ ఉంటే విరామం అనాలి (మామూలుగా 15 సెకన్లు), చివరి ఈవెంటు తర్వాత ఎంత వదిలి గుర్తు మొదలవ్వాలి (5), తర్వాతి ఈవెంటుకు ఎంత ముందు గుర్తు ఆగాలి (5). మొదటి అంకె లోంచి మిగతా రెండూ తీసేస్తే ఏదో కొంత మిగలాలి, లేకపోతే ఎర్రర్ ఇస్తుంది. మీ డేటాకు నేనైతే 10, 3, 3 పెడతాను. మీ మామూలు ఖాళీ 2.4 దాటదు, మీరు ఇప్పటిదాకా చూసిన అతి చిన్న విరామం 18. ముందుముందు ఎవరైనా 12 సెకన్లకే మీట నొక్కేస్తే 15 గీత దాన్ని పట్టుకోలేదు, 10 పట్టుకుంటుంది. వెనకాల 3 సెకన్లు ఎందుకంటే చివరి బొమ్మకు స్పందన, ఎపోక్ (ఒక్కో బొమ్మ చుట్టూ తీసుకునే చిన్న ముక్క) తోక అందులో ఇమిడిపోవాలి. ముందర 3 సెకన్లంటే బేస్‌లైను (పోల్చడానికి బొమ్మకు ముందు తీసుకునే స్థాయి) కోసం. వేవ్‌లెట్ విశ్లేషణ (ఏ పౌనఃపున్యం ఎప్పుడు ఎంత ఉందో చూసేది) చేసేవాళ్ళు ఇంకాస్త ఆలోచించాలి: 4 హెర్ట్జ్ దగ్గర 7 ఆవర్తనాల వేవ్‌లెట్ అంటే 1.75 సెకన్లు. ఎపోక్‌కు ముందూ వెనకా అంత మేర అదనంగా తీసుకుంటారు కాబట్టి ఆ అదనపు భాగం కూడా గుర్తుకు తగలకూడదు.

ఫంక్షనుకు ఈవెంట్ల పట్టిక ఇచ్చేటప్పుడు మీటల ట్రిగ్గర్లను తప్పకుండా తీసేయండి. ఇది చాలామంది పట్టించుకోరు. విరామంలో కూర్చున్నవాళ్ళు ఊరికే మీట టకటకలాడిస్తారు. 18 సెకన్ల విరామంలో 6వ సెకనులో ఒకసారి, 13వ సెకనులో ఇంకోసారి 21 పడిందనుకోండి, అది 6, 7, 5 సెకన్ల ముక్కలవుతుంది. 10 సెకన్ల గీత ఏదీ దాటదు. విరామం మొత్తం టాస్కు లెక్కలోకి జారిపోతుంది, హెచ్చరిక కూడా ఏమీ రాదు.

అన్నీ సరిగ్గా పడితే 7 గుర్తులు వస్తాయి: మొదటి బొమ్మకు ముందు ఒకటి, మధ్యలో 5, చివరి బొమ్మ తర్వాత ఒకటి. ఫైలు చివర 10 సెకన్లు కూడా లేకపోతే 6. ఇంకెన్ని వచ్చినా చూడాల్సిందే.

ఆ ఫంక్షను గుర్తులను చేతికిస్తుందే తప్ప ఫైలుకు అతికించదు. అతికించేటప్పుడు పాత ఎనొటేషన్లకు (ఫైలుకు అతికి ఉన్న గుర్తులు) కొత్తవి కలిపి సెట్ ఎనొటేషన్స్‌కు ఇవ్వాలి. కొత్తవి మాత్రమే ఇస్తే పాతవన్నీ, బ్రెయిన్‌విజన్ ఫైలు నుంచి చదివిన ట్రిగ్గర్లతో సహా, తుడిచిపెట్టుకుపోతాయి. ఇంకో ప్రమాదం క్రాప్ (ఫైల్లో కొంత భాగం కోసేయడం) దగ్గర. ఫైలు ముందు భాగం 120 సెకన్లు క్రాప్ చేస్తే ఈవెంట్ల పట్టికలోని శాంపిల్ అంకెలు పాత మొదలు నుంచే కొనసాగుతాయి. వాటిని శాంప్లింగ్ రేటుతో భాగించి, మూల సమయం ఇవ్వకుండా మీరే గుర్తులు తయారు చేస్తే అన్నీ 120 సెకన్లు పక్కకు జరుగుతాయి. ముందు ఫస్ట్ శాంప్ (మిగిలిన ఫైలులో మొదటి శాంపిల్) అంకెను తీసేసి, ఆ తర్వాత భాగించాలి.

గుర్తు పేరు బ్యాడ్ అనే మాటతో మొదలైతే చాలు, ఎపోక్‌లు తీసేటప్పుడూ, ఐసీఏ నేర్చుకునేటప్పుడూ, స్పెక్ట్రం లెక్కించేటప్పుడూ ఎమ్ఎన్ఈ దాన్ని తనంతట తానే వదిలేస్తుంది. గెట్ డేటాతో అంకెలు బయటికి లాగితే మాత్రం అలా వదలదు, మీరు ప్రత్యేకంగా అడగాలి. చెడ్డ ఛానెళ్ళను పట్టుకోవడానికి సొంతంగా కోడు రాసుకునేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. విరామంలో ఎవరో ఎఫ్‌టీ8 ఎలక్ట్రోడ్ దగ్గర జెల్ వేశారు, ఆ 20 సెకన్లు ఛానెల్ గంతులేసింది. మొత్తం ఫైలు మీద వేరియన్స్ (హెచ్చుతగ్గుల కొలత) లెక్కిస్తే ఆ ఛానెల్ చెడ్డదని తేలుతుంది, టాస్కు సాగినంతసేపూ అది శుభ్రంగా ఉన్నా సరే.

ఐసీఏకు డేటా తగ్గిపోతుందేమోనన్న భయం అక్కర్లేదు. వాడుకలో ఉన్న లెక్క ప్రకారం ఛానెళ్ళ సంఖ్య వర్గానికి 20 నుంచి 30 రెట్లు శాంపిళ్ళుండాలి. 64 వర్గం 4,096. దానికి 20 రెట్లు 81,920. 250 హెర్ట్జ్‌కు తగ్గించాక అది 328 సెకన్లు, ఐదున్నర నిమిషాలు. మీకు టాస్కే 29 నిమిషాలుంది, అంటే వంద రెట్లకు పైమాటే. మీ రెప్పల కాంపోనెంటు చీలడానికి కూడా విరామమే కారణం కావచ్చు. విరామంలో జనం గది నలుమూలలా చూస్తారు, తల తిప్పుతారు, క్యాప్ కాస్త జరుగుతుంది. ఐసీఏకు ఉన్నవి 64 కాంపోనెంట్లే. పెద్ద పెద్ద కుదుపులన్నీ వాటిని ముందే ఆక్రమించుకుంటే కళ్ళకూ గుండెకూ మిగిలేది తక్కువ. కళ్ళు మూసుకుని కూర్చున్న విరామాల్లో 8-12 హెర్ట్జ్ ఆల్ఫా ఉప్పెనలా వస్తుంది, అదీ పంపకాన్ని మార్చేస్తుంది.

ఇక ఫిల్టర్. మామూలుగా ఫిల్టర్ ముందు, మొత్తం ఫైలు మీద. గుర్తు ఎప్పుడు పెట్టినా ఫర్వాలేదు, ఎందుకంటే ఫిల్టర్ విరామం గుర్తును పట్టించుకోకుండా సాగిపోతుంది. మనకు కావలసిందీ అదే. ఒక్క సందర్భం వేరు. ఎమ్ఎన్ఈ మామూలుగా వేసే ఎఫ్ఐఆర్ ఫిల్టర్ పొడవు 1 హెర్ట్జ్ హైపాస్‌కు 3.3 సెకన్లు, 0.1 హెర్ట్జ్‌కు 33 సెకన్లు. దాని ప్రభావం ఒక్కో వైపు సగం దాకా, అంటే 1.65 సెకన్లు, 16.5 సెకన్లు. విరామంలో ఇంపీడెన్స్ (ఎలక్ట్రోడ్ దగ్గరి నిరోధం) కొలిచి ఉంటేనో, యాంప్లిఫయర్ సంతృప్తమై గీత పైకప్పుకు అంటుకుని ఉంటేనో, ఆ మెట్టు 0.1 హెర్ట్జ్ ఫిల్టర్ గుండా టాస్కులోకి 16 సెకన్లు చొరబడుతుంది. మీ 3 సెకన్ల అంచు దాన్ని ఆపలేదు. అలాంటి చోట విరామం గుర్తుతో పాటు ఆ ముక్కకు బ్యాడ్ ఎక్యూ స్కిప్ అనే పేరు పెట్టండి. అప్పుడు ఫిల్టర్ అక్కడ ఆగి, అటూ ఇటూ ఉన్న భాగాలను విడివిడిగా నడుపుతుంది. మీ బ్లాకు 5 నిమిషాలు కాబట్టి 33 సెకన్ల ఫిల్టర్‌కు కావలసినంత చోటుంది. ఆ గుర్తు లోపలి భాగం ఫిల్టర్ కాకుండా అలాగే మిగులుతుంది, తెర మీద ఎగుడుదిగుడుగా కనిపిస్తే కంగారు పడకండి.

చివరి పరీక్ష: ఎపోక్‌లు తీశాక డ్రాప్ లాగ్ (ఏ ఎపోక్ ఎందుకు పోయిందో చెప్పే జాబితా) చూడండి. విరామం గుర్తు వల్ల ఒక్క ఎపోక్ పోయినా మీ 3, 3 అంకెల్లో ఏదో చాలలేదని అర్థం.


ఊర్‌ఈవెంట్

ఈఈజీల్యాబ్ (ఇంకో ఈఈజీ సాఫ్ట్‌వేర్) వాడేవాళ్ళు కూడా ఈ చర్చ చదువుతారు కాబట్టి రాస్తున్నాను. నాచ్50 గారు కత్తిరించొద్దన్నారు, అసలు ఫైలు విషయంలో నేనూ అదే అంటాను. నకలు విషయంలో మాత్రం కత్తిరించడమే తేలిక.

అసలు ఫైలుకు నకలు తీసి, 1 హెర్ట్జ్ హైపాస్ వేసి, 250కి తగ్గించండి. దానికి జోడించే ఈఆర్‌పీల్యాబ్‌లో సమయ ఖండాలను తొలగించే మెనూ ఉంది. అందులో గీత 10000, ముందు అంచు 3000, వెనక అంచు 3000 పెట్టండి. అన్నీ మిల్లీసెకన్లు, 10 అని కొడితే ఎంత నష్టమో ఊహించుకోండి. పట్టించుకోకూడని కోడ్‌ల గడిలో 21, 22 రాయండి. ఇలా విరామాలు పోయిన నకలు మీద ఐసీఏ నడిపి, వచ్చిన వెయిట్లనూ స్ఫియర్ మాత్రికనూ (కాంపోనెంట్లుగా విడదీసే అంకెలు) ఛానెల్ సూచికలనూ 0.1 హెర్ట్జ్ ఫిల్టర్ వేసిన అసలు ఫైలుకు ఎక్కించండి. ఛానెళ్ళ సంఖ్య, వరస, రిఫరెన్స్ రెండింటిలోనూ ఒక్కటిగా ఉండాలి. నకల్లో ఒక చెడ్డ ఛానెల్‌ను తీసేసి అసల్లో ఉంచేస్తే వెయిట్లు పొసగవు.

కత్తిరించిన ప్రతిచోటా బౌండరీ అనే ఈవెంటు చేరుతుంది. తొలగించిన నిడివి దాని డ్యూరేషన్‌లో ఉంటుంది. ఆ తర్వాతి ఈవెంట్ల లేటెన్సీలన్నీ (ఫైల్లో వాటి స్థానాలు) ఆ మేరకు తగ్గుతాయి, అసలువి ఊర్‌ఈవెంట్ పట్టికలో మిగులుతాయి. మీ కోడ్‌లన్నీ అంకెలైతే ఈఆర్‌పీల్యాబ్ బౌండరీని మైనస్ 99గా మారుస్తుంది. ఈవెంట్లు లెక్కపెట్టే స్క్రిప్టులో దాన్ని మినహాయించకపోతే మొత్తం తప్పుతుంది. బౌండరీ తగిలిన ఎపోక్‌ను ఈఈజీల్యాబ్ తనే పక్కన పెడుతుంది.

వరస ఎందుకు ముఖ్యమంటే, కత్తిరించాక ఫిల్టర్ వేస్తే అది బౌండరీల మధ్య ముక్కల్ని విడివిడిగా నడపాలి. చేత్తో అక్కడక్కడా మరో నాలుగు ముక్కలు కత్తిరించి ఉంటే కొన్ని 20 సెకన్లకు మించవు. 33 సెకన్ల ఫిల్టర్‌కు 20 సెకన్ల డేటా ఏ మూలకు? అందుకే ఫిల్టర్ ముందు, కత్తెర తర్వాత.


మ్యూతరంగం

మూడో సందేహానికి నా జవాబు. టీ0ని తీసేయకండి. విశ్రాంతి వేరు, విరామం వేరు.

విరామమంటే ప్రయోగం అడగనిది. ఆ సమయంలో మనిషి ఏం చేస్తున్నాడో మనకు తెలియదు, తెలుసుకోవాల్సిన పనీ లేదు. విశ్రాంతి అంటే ప్రయోగమే అడిగింది: కదలకు, తెర చూస్తూ ఉండు అని. అది ఒక షరతు. ఫిజియోనెట్ డేటాలో 109 మంది, 64 ఛానెళ్ళు, 160 హెర్ట్జ్, బీసీఐ2000 సాఫ్ట్‌వేర్‌తో రికార్డు చేసినవి, ఒక్కొక్కరికి 14 పరుగులు (రన్‌లు). మొదటిది కళ్ళు తెరిచి ఒక నిమిషం, రెండోది కళ్ళు మూసి ఒక నిమిషం, మిగతా 12 రెండేసి నిమిషాలు. ప్రతి పరుగూ వేరే ఈడీఎఫ్ ఫైలు. అంటే నిజమైన విరామాలు ఈ డేటాలో అసలు లేనే లేవు, ఫైళ్ళ సందుల్లోనే పోయాయి. ఫైళ్ళను ఎమ్ఎన్ఈలో ఒకటిగా అతికిస్తే అతుకుల దగ్గర బ్యాడ్ బౌండరీ, ఎడ్జ్ బౌండరీ గుర్తులు అదే పెడుతుంది, వాటిని అలాగే ఉండనివ్వండి.

పరుగు లోపల టీ0, టీ1, టీ2 ఒకదాని వెంట ఒకటి, ఒక్కోటి 4 సెకన్ల పైచిలుకు. వీటికి నిడివి కూడా ఉంది కాబట్టి ఎనొటేట్ బ్రేక్‌ను ఊరికే నడిపితే ఖాళీయే దొరకదు, ఏ గుర్తూ పెట్టదు. అదే సరైన ఫలితం. ఇక్కడ కొందరు టీ1, టీ2 మాత్రమే ఇచ్చి, కనీస నిడివిని 5 సెకన్లకు దించి, ఎలాగో గుర్తులు రప్పిస్తారు. అప్పుడు మొత్తం విశ్రాంతి షరతు బ్యాడ్ కింద పోతుంది, పోల్చడానికి ఏమీ మిగలదు.

టీ1, టీ2 అర్థం పరుగును బట్టి మారుతుందన్నది కూడా చూసుకోండి. 3, 4, 7, 8, 11, 12 పరుగుల్లో టీ1 ఎడమ పిడికిలి, టీ2 కుడి పిడికిలి. 5, 6, 9, 10, 13, 14లో టీ1 రెండు పిడికిళ్ళు, టీ2 రెండు పాదాలు. అతికించే ముందే పేర్లు మార్చి రాసుకోండి, అతికించాక విడదీయడం కష్టం. 88, 92, 100 నంబర్ల వాళ్ళ ఫైళ్ళు 128 హెర్ట్జ్‌లో ఉన్నాయి, మిగతావాటితో నేరుగా కలపకూడదు.

టీ0 మొత్తాన్నీ బేస్‌లైనుగా వాడటం మాత్రం నాకు సమ్మతం కాదు. చెయ్యి కదిపి ఆపాక మొదటి సెకనులో బీటా, అంటే 15-30 హెర్ట్జ్ ప్రాంతం, మామూలు స్థాయిని మించి ఎగసిపడుతుంది. టీ0 మొదలు సరిగ్గా ఆ ఎగసిపాటు మీదే పడుతుంది. దాన్ని బేస్‌లైనులో కలిపితే కదలికలో బీటా తగ్గుదల ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడుతుంది. చివరి అర సెకనూ మంచిది కాదు. కాలవ్యవధి దాదాపు స్థిరం కాబట్టి మనిషి తర్వాతి గుర్తు కోసం కాచుకుని ఉంటాడు, సీ3, సీ4 ఎలక్ట్రోడ్ల దగ్గర మ్యూ (కదలికతో తగ్గే లయ) అప్పుడే పడిపోవడం మొదలవుతుంది. టీ0 మొదలైన 1.5 సెకన్ల నుంచి 3.5 సెకన్ల దాకా ఆ 2 సెకన్లు నమ్మదగ్గవి.

ఇదే సూత్రం మీ ఆడ్‌బాల్‌కూ వర్తిస్తుంది. విరామం అయిన వెంటనే వచ్చే మొదటి బొమ్మకు ఎన్1 (బొమ్మ పడగానే వచ్చే తొలి మెదడు స్పందనల్లో ఒకటి) పెద్దదిగా వస్తుంది, అంతసేపు ఖాళీ తర్వాత వచ్చింది కాబట్టి. బ్లాకులోని మొదటి రెండు బొమ్మలకు వేరే పేరు పెట్టి సగటులోంచి తీసేయండి. వాటికి బ్యాడ్ అని పెట్టకండి, అవి టాస్కే. 840లో 12 పోతాయి, నష్టం లేదు.


పిన్25

ముందుముందు రికార్డు చేసేవాటికి బ్లాకు గుర్తులు ప్రయోగం నుంచే పంపండి. ఖాళీలను బట్టి ఊహించడం పాత ఫైళ్ళకు సరే; అడిగి తెలుసుకోగలిగినప్పుడు ఊహించడం దేనికి? బ్లాకు మొదలుకు 201, చివరకు 202, విరామం తెర పడగానే 211, మీట నొక్కి బయటికి రాగానే 212. సమాంతర పోర్టులో 8 బిట్లు, 255 దాకా చోటుంది.

పల్స్ నిడివి దగ్గర జాగ్రత్త. 500 హెర్ట్జ్ అంటే శాంపిల్‌కు 2 మిల్లీసెకన్లు. 1 మిల్లీసెకను పల్స్ రెండు శాంపిళ్ళ సందులో పడి కనబడకుండా పోవచ్చు. 10 మిల్లీసెకన్లు నిలిపి, మళ్ళీ 0కి దించండి. దించకపోతే వెంటనే అదే కోడ్ ఇంకోసారి వచ్చినప్పుడు మార్పే ఉండదు, రెండో 11 నమోదు కాదు.

బొమ్మల కంప్యూటరూ మీటల పెట్టె ఒకే తీగల్లోకి పంపుతుంటే కోడ్‌లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. 21 ఇంకా నిలిచి ఉండగా 11 వచ్చిందనుకోండి: 00001011, 00010101 కలిస్తే 00011111, అంటే 31. మీ ఈవెంట్ల పట్టికలో 31 కనబడితే అది కొత్త కోడ్ కాదు, ఆ రెండూ కలిసినది. అలాగే 12, 22 కలిస్తే 30. ఇలాంటివి ఉంటే 11ల లెక్క తగ్గి, నాచ్50 గారు చెప్పిన 839 ఖాళీల పట్టికలో 4 సెకన్ల ఖాళీ ఒకటి తేలుతుంది.

బయోసెమీ యాంప్లిఫయర్ వాడేవాళ్ళకు: స్టేటస్ ఛానెల్‌లో ట్రిగ్గర్లు కింది 16 బిట్లే, పై బిట్లలో సీఎంఎస్ (రిఫరెన్స్ ఎలక్ట్రోడ్) పరిధిలో ఉందా, బ్యాటరీ తగ్గిందా వంటి సమాచారం ఉంటుంది. మాస్క్ వేయకుండా (పై బిట్లను తీసేయకుండా) చదివితే 11 బదులు ఏదో పెద్ద అంకె వస్తుంది.

మాటలతో చెప్పే సూచనల విషయం కూడా. "ఇక మొదలుపెడదామా" అని అడిగితే కుర్చీలో ఉన్నవాళ్ళు "సరేనండీ" అంటారు, తల కూడా ఊపుతారు. ఆ దవడ కండరాల రొద టీ7, టీ8 ఎలక్ట్రోడ్ల మీద రెండు మూడు సెకన్లు నిలుస్తుంది. మీట నొక్కాక కనీసం 5 సెకన్లు అంకెలు లెక్కించే తెర ఉంచితే ఆ రొద తగ్గాకే మొదటి బొమ్మ వస్తుంది. మీకిప్పుడు 3 సెకన్లే ఉంది.


పీ300_విద్యార్థి

అందరికీ ధన్యవాదాలు. 10, 3, 3 పెట్టి 11, 12లతోనే నడిపాను. చాలా ఫైళ్ళకు 7 గుర్తులు, కొన్నింటికి 6. ఐసీఏలో రెప్పల కాంపోనెంటు ఒక్కటే వచ్చింది, ఒక్కో ఎలక్ట్రోడ్ మీది కుదుపులు రెండుకు తగ్గాయి. డ్రాప్ లాగ్‌లో విరామం వల్ల పోయిన ఎపోక్ ఒక్కటీ లేదు.

ఒక ఫైల్లో మాత్రం 8 గుర్తులు. 840కి బదులు 826 బొమ్మలే ఉన్నాయి, నాలుగో బ్లాకు నడుమ 31.5 సెకన్ల ఖాళీ. ఆ ఖాళీలో 21లు, 22లు మాత్రం మామూలుగానే పడుతూ ఉన్నాయి. పాల్గొన్న మనిషి మధ్యలో ఆగారనుకోవాలా?


నాచ్50

ఆగలేదు. ఆగి ఉంటే బొమ్మలు తగ్గవు, ఆ బ్లాకు పొడుగవుతుంది, అంతే. లెక్క చూడండి: 14 బొమ్మలు తగ్గాయి. 14 బొమ్మలు పోతే 15 ఖాళీలు కలిసి ఒక్కటవుతాయి. 15 ఇంటూ 2.1 సెకన్ల సగటు, 31.5. అచ్చంగా సరిపోయింది. 825 ఖాళీల్లో 819 మామూలువి, 5 విరామాలు, 1 ఇది. మీటలు నొక్కుతూనే ఉన్నారంటే బొమ్మలు తెర మీద వస్తూనే ఉన్నాయి, వాటి ట్రిగ్గర్లు మాత్రం ఈఈజీకి చేరలేదు. దాన్ని విరామం అనడం తప్పు. ముందు ఆ గుర్తును చెరపండి.

బొమ్మల సమయాలు ప్రయోగం లాగ్‌లో ఉంటాయి కాబట్టి 14నీ తిరిగి తెచ్చుకోవచ్చు. రెండు చోట్లా ఉన్న 826 బొమ్మల సమయాలను జత చేసి సరళరేఖ గీయండి: అడ్డంగా లాగ్ సమయం, నిలువుగా ఈఈజీ సమయం. మొదటి ఈవెంటుతో తేడా ఒక్కటి తీసి అన్నింటికీ కలిపితే చాలదు. రెండు గడియారాల మధ్య పది లక్షలకు 20 పాళ్ళ తేడా ఉన్నా 40 నిమిషాలకు 48 మిల్లీసెకన్లవుతుంది, పీ300కే (అరుదైన బొమ్మకు వచ్చే స్పందన) కాదు, ఎన్1కు ఇంకా పెద్ద దెబ్బ. రేఖ వాలు, ఆఫ్‌సెట్ రెండూ కావాలి. 826 బిందువులకూ రేఖకూ మధ్య మిగిలిన తేడా గీసి చూడండి. అన్నీ ఒకటి రెండు మిల్లీసెకన్ల లోపు ఉంటే ఆ 14 బొమ్మలను రేఖ మీది సమయాల్లో చేర్చుకోవచ్చు. తెర రిఫ్రెష్ అయినప్పుడు కాక, కోడు ఆ వరస దాటినప్పుడు లాగ్ సమయం రాసి ఉంటే తేడాలు 16 మిల్లీసెకన్ల దాకా చెల్లాచెదురవుతాయి. 60 హెర్ట్జ్ తెర మీద ఒక ఫ్రేమంత అది. అప్పుడు చేర్చకండి. ఆ 31.5 సెకన్లకు ట్రిగ్గర్ పోయినది అని వేరే పేరు పెట్టి, ఐసీఏకు మాత్రం వాడుకోండి. పేరు బ్యాడ్‌తో మొదలవకుండా చూడండి, లేదంటే ఐసీఏ కూడా దాన్ని వదిలేస్తుంది.

ఆ ఫైలును బిడ్స్ (మెదడు డేటాను దాచే ఒక ప్రామాణిక అమరిక) పద్ధతిలో దాచేటప్పుడు ఈవెంట్ల పట్టికలో చేర్చిన 14 వరసలకు అదనంగా ఒక నిలువు వరస పెట్టి, సమయం ట్రిగ్గర్ నుంచి వచ్చిందా, లాగ్ నుంచి లెక్కకట్టిందా రాయండి. విరామాలను కూడా మొదలు సమయం, నిడివి సెకన్లలో వేసి అదే పట్టికలో ఉంచండి. మీ 10, 3, 3 అంకెలను పక్కనున్న జేసన్ ఫైల్లో రాయండి.